చదవడం వచ్చిన ఓటరు

ఆర్డ్‌కెల్లిన్ ఊరు పార్లమెంటుకు తన మనిషిని తానే పంపుకున్న ఆఖరి ఎన్నిక అది. ఆఖరిదని అప్పుడెవరికీ తెలియదు. రెండేళ్లు తిరక్కముందే లండన్‌లో ఒక చట్టం చేసి, ఊరి సీటు తీసేసి చుట్టూ ఉన్న జిల్లాలో కలిపేశారు. పెద్దగా ఏడ్చినవాళ్లు లేరు. ఎందుకు ఏడుస్తారు? ఆ సీటు ఊరిదని పేరే గాని, ఊరి చేతిలో అదెప్పుడూ పూర్తిగా పడింది లేదు.

ఎప్పుడో ఒక ఇంగ్లీషు రాజు పట్టా రాసిచ్చాడు, ఈ ఊరు ఇద్దరు సభ్యుల్ని డబ్లిన్ సభకు పంపుకోవచ్చని. పంపేది పదముగ్గురు పెద్దమనుషులు. ఆ పదముగ్గురినీ ఎంచేది ఊరి భూములన్నిటికీ యజమాని వెథరల్ ప్రభువు. "ప్రభువు విందులో మాంసం కోసేలోగా ఒక సభ్యుడు, పళ్లు తెచ్చేలోగా ఇంకో సభ్యుడు తేలిపోయేవారురా" అని ఫింటన్ డార్గన్ తాత చెప్పేవాడు. కథోలికుడైన పాపానికి ఆయన్ను ఆ విందు గది గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కాదు. తర్వాత డబ్లిన్ సభే మూతపడింది. రెండు సీట్లలో ఒకటి పోయి, మిగిలిన ఒక్కటీ లండన్‌కు మళ్లింది. ఆ తర్వాత ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లకు ఓటిచ్చారు, కాని గొంతెత్తి చెప్పాలి. ప్రభువు మనుషులు ఒక పక్కా, ఎదుటి పక్షం చేతికర్రల వాళ్లు ఒక పక్కా నిలబడి ఉండగా ఫింటన్ తండ్రి ప్రభువుకు ఎదురు మనిషి పేరు గొంతెత్తి చెప్పాడు. మళ్లీ అద్దె గడువు వచ్చేసరికి ఇల్లు పోయింది. ఆ చలికాలం పిల్లలందరూ మేనత్త గడ్డివాములో పడుకున్నారు. చిన్నది ఒకతె వసంతం చూడలేదు.

అందుకే రహస్య ఓటు చట్టం వచ్చిన రోజున ఫింటన్ ఇంటిల్లిపాదినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి జపమాల చెప్పించాడు. ఇక మనిషికీ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలియనక్కర్లేదనుకున్నాడు.

చట్టంలో ఒక సందు ఉంది. చదవడం రానివాడు ఆ సంగతి అధికారి ముందు ప్రమాణం చేసి చెబితే, కాగితం మీద గుర్తు అధికారే పెడతాడు. ఎవరికి పెట్టాలో ఓటరు నోటితో చెప్పాలి. అప్పుడు రెండు పక్షాల ఏజెంట్లూ అక్కడే నిలబడి వింటారు. పాపం, చదువురానివాళ్ల మేలు కోరి పెట్టిన ఏర్పాటే. ఆర్డ్‌కెల్లిన్ ఆ సందును రాచబాట చేసేసింది. మొదటి రహస్య ఎన్నికకే ఊళ్లో సగం మందికి అక్షరాలు మరుపొచ్చాయి. అద్దెకున్నవాళ్లు ప్రభువు మేనేజరు వినేలా ఓటు చెప్పుకోవాలి కనుక చదువు రాదన్నారు. డబ్లిన్ సభ మళ్లీ తెరిపించాలనే స్వపరిపాలన పక్షం వాళ్లు, మేమేం భయపడి దాక్కోవడం లేదని చూపించుకోవాలి కనుక చదువు రాదన్నారు.

ఫింటన్ జీనులూ కళ్లేలూ కుట్టేవాడు. సాయంత్రాలు కమ్మరి కొలిమి దగ్గర పేపరు చదివి అందరికీ వినిపించేదీ అతనే. ఆఖరి ఎన్నిక జరిగిన ఏడాది ఆకురాలు కాలంలో ఊరి సభ్యుడు చనిపోయి మళ్లీ ఎన్నిక వచ్చినప్పుడు, ప్రభువు తరఫున ఆయన మేనల్లుడు కెప్టెన్ వెథరల్, స్వపరిపాలన తరఫున డెవేన్ అనే డబ్లిన్ వకీలు నిలబడ్డారు. ఫింటన్ ఓటు డెవేన్‌కేనని ఫింటన్‌కు తెలుసు. ఎటొచ్చీ మిగతావాళ్లు నమ్మాలి.

ఎన్నిక ఇంకో రెండు రోజులుందనగా బావమరిది మలాకీ కియోగ్ కొట్టుకు వచ్చాడు. అతనికి వీధి చివర కిరాణా దుకాణం. డెవేన్ తరఫున ఓట్ల లెక్కింపు దగ్గర కూర్చునే ఏజెంటు కూడా.

"బావా, ఎల్లుండి నువ్వు కూడా చదువు రాదని చెప్పెయ్."

ఫింటన్ ఆరెతో తోలు పొడుస్తూ తలెత్తలేదు. "మొన్న రాత్రి డెవేన్ గారి ఉపన్యాసం పేపర్లో చదివి వినిపించిందెవరు?"

"నువ్వే."

"విన్నదెవరు?"

"నేనే. మరీ బిగుసుకోకు బావా. పుస్తకాలు కుట్టే టైగ్ చెబుతున్నాడు రాదని. జిల్లా కోర్టు గుమాస్తా చెబుతున్నాడు. నీకేం, వాళ్లకంటే ఎక్కువొచ్చా?"

"వాళ్ల ప్రమాణాలు వాళ్లవి."

"నువ్వు మా వాడివేనని నాకు తెలుసు. ఊరికి తెలియాలా వద్దా? కాగితం పుచ్చుకుని తెర వెనక్కి వెళ్లావనుకో, డార్గన్ ఎటు వేశాడని అడుగుతారు. నేనేం చెప్పను?"

"డెవేన్‌కు వేస్తానని నేనే చెబుతున్నాగా. సంత మధ్యలో నిలబడి చెప్పమన్నా చెబుతాను. చదవడం రాదని మాత్రం చెప్పను. అది అబద్ధం."

లోపలి గది గుమ్మంలో హోనోరా నిలబడి, చేతులకంటిన పిండి దులుపుకుంటోంది. "ఒరేయ్ మలాకీ, ఆయన్ను కదిపి లాభం లేదు. నాకే ఓటుంటే ఏ బి సి డి కూడా రావని చెప్పి, చిటికెలో వచ్చి రొట్టె కాల్చుకునేదాన్ని."

"నీకు నిజంగానే రావుగా అక్కా."

"అదే చెబుతున్నా. నాలాంటి దానికి ఓటివ్వరు. వచ్చినవాళ్లేమో రాదంటారు."

మర్నాడు ప్రభువు ఎస్టేటు మేనేజరు ప్రింగిల్ వచ్చాడు. కుట్టడానికిచ్చిన జీను పట్టీ కోసం వచ్చినట్టే వచ్చి, తెగిన చోటు వేలితో రాస్తూ నిలబడ్డాడు.

"డార్గన్, నీ చూపు ఈ మధ్య తగ్గిందని విన్నాను. చిన్న అక్షరాలు కనబడవట."

"బాగానే కనబడతాయండీ."

"రేపు కనబడవేమో. కనబడకపోతే అధికారికి చెప్పు, ఆయన సాయం చేస్తాడు. మీ నాన్నకు అక్షరం ముక్క రాదు. ఆయన్ను చూసి మేమెప్పుడూ తక్కువగా అనుకోలేదు."

ఆ మాటకు ఫింటన్‌కు ఒళ్లు మండిపోయింది. పట్టీ చేతికిచ్చి తలుపు దాకా సాగనంపాడు. మనిషి వెళ్లిపోయాక వంద మాటలు వచ్చాయి.

సాయంత్రం గుడికి వెళ్లాడు. కుర్ర గురువు ఫాదర్ టర్లీ పీఠం మీద కొవ్వొత్తులు సర్దుతున్నాడు. మంచివాడు. జ్వరాల రోజుల్లో ఏ ఇంటికీ వెళ్లనన్నవాడు కాడు. ఫింటన్ సంగతంతా చెప్పాడు.

"ఫాదర్, చదవడం వచ్చినవాడు రాదని ప్రమాణం చేస్తే పాపం అవునా, కాదా?"

ఫాదర్ ఒక కొవ్వొత్తిని నిటారుగా నిలిపి, మళ్లీ కొంచెం వంచి చూశాడు. "ఫింటన్, ఇది దేశం కోసం."

"అది నాకూ తెలుసు ఫాదర్. పాపం అవునా కాదా అని అడుగుతున్నాను."

"అబద్ధం చెప్పమని నేను నీకు చెప్పడం లేదు."

"మరి?"

"అందరూ చేస్తున్న పనిలో ఒక్కడే వేరుగా నిలబడితే అందులో గర్వం కూడా కొంత ఉంటుందేమో చూసుకోమంటున్నాను."

ఫింటన్ మోకాళ్ల మీద ఉండి చాలాసేపు చూసుకున్నాడు. గర్వం ఉంది. లేదని దేవుడి ముందు ఎలా అంటాడు? కాని గర్వం ఉన్నంత మాత్రాన అబద్ధం నిజమవుతుందా? ఫాదర్ మాట ఎంత తిప్పి చూసినా దానికి జవాబు దొరకలేదు. జపం సగంలో లెక్క తప్పి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

ఎన్నిక రోజు కోర్టు హాలులో బల్ల వెనకాల అధికారి కూర్చున్నాడు. జిల్లా పట్నం నుంచి వచ్చిన మనిషి, పొద్దున్నుంచీ అదే ప్రశ్న అడిగి అడిగి నీరసించిపోయాడు. ఆయనకు రెండు పక్కలా ఏజెంట్లు, కెప్టెన్ తరఫున ప్రింగిల్. మూలనున్న తెర వెనక బల్లా పెన్సిలూ ఉన్నాయి. అటు ఎవరూ వెళ్లడం లేదు.

"చదవడం వచ్చా?"

"రాదు దొరా," అన్నాడు టైగ్. అతని వేళ్లకు అట్టలంటించే జిగురు ఇంకా ఆరలేదు. కోటు జేబులోంచి పేపరు చివర బయటికి కనిపిస్తోంది.

"ఎవరికి?"

"డెవేన్."

వెనకాల నవ్వులు. తర్వాత ప్రభువు గుర్రాలసాల మనిషి వచ్చాడు. రాదన్నాడు, కెప్టెన్ పేరు చెప్పాడు, ప్రింగిల్ వైపు చూసి టోపీ ముట్టుకున్నాడు. తర్వాత కోర్టు గుమాస్తా. ఆ హాలులోనే రోజూ దావాలు చదివేవాడు. "రాదండీ" అన్నాడు తొణక్కుండా. అధికారి ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

ఫింటన్ వంతు వచ్చింది.

"చదవడం వచ్చా?"

"వచ్చు."

అధికారి తలెత్తి అతన్ని కొత్త వింత చూసినట్టు చూసి, కాగితం మీద ముద్ర కొట్టి చేతికిచ్చాడు.

"దాచుకునేవాడికి దాచుకోవలసింది ఉంటుందిగా," అన్నాడు వెనకనించి ఎవరో. గొంతు టైగ్‌దిలాగే ఉంది.

"ఏం డార్గనూ, కెప్టెన్ గారి జీనుకు మెత్త ఎక్కువ వేస్తున్నావా?" అన్నాడు ఇంకొకడు.

తెర వెనక్కి వెళ్లేసరికి అతని చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. దాచుకునేవాడా? తనా? అక్కడున్న వాళ్లందరిలో అబద్ధం చెప్పనిది తనొక్కడే, తననే దొంగను చేశారు. పెన్సిలు తీసి డెవేన్ పేరు పక్కన కత్తెర గుర్తు గట్టిగా వేశాడు. ఇంత వరకూ బాగానే ఉంది. కాగితం మడవబోయి ఆగాడు. పేరు లేని కాగితం అతనికి ఆకాశరామన్న ఉత్తరంలా కనిపించింది. జీను తయారైతే అడుగున తన పేరు కొట్టకుండా బయటికి పంపిన రోజు లేదు. చేసిన పనికి పేరు పెట్టుకోలేనివాడు దొంగ గాక ఏమవుతాడు? అడుగున స్కూల్లో నేర్పిన గుండ్రటి చేతిరాతతో 'ఫింటన్ డార్గన్, జీనుల పనివాడు' అని రాశాడు. అప్పుడు గాని మనసు కుదుటపడలేదు. మడిచి తెచ్చి పెట్టెలో వేశాడు.

తెర పక్క గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. ఓటరు ఎలా గుర్తు పెట్టాలి, ఏమేం రాయకూడదు అని అందులో వివరంగా ఉంది. ఆ కోపంలో అతను అటు చూడలేదు. చదవడం రాదన్నవాళ్లలో నలుగురైదుగురు మాత్రం ఊసుపోక దాన్ని పొద్దున్నే చదివేశారు.

డెవేన్ గెలిచాడు. దగ్గర దగ్గరగా కూడా కాదు, హాయిగా గెలిచాడు. కొండమీద మంటలు వేశారు, బాజాలు మోగించారు. మర్నాడు కోర్టు తలుపుకు లెక్క అంటించారు. గుంపు చేరింది.

"డార్గనూ, చదివి పెట్టవయ్యా. మాకెవరికీ రాదుగా," అన్నాడు టైగ్. అందరూ గొల్లుమన్నారు.

ఫింటన్ కూడా నవ్వాననిపించుకుని ముందుకు వెళ్లి చదివాడు. డెవేన్‌కు ఇన్ని, వెథరల్‌కు ఇన్ని. "చెల్లని కాగితాలు," అని చదివి కింద వివరం మొదలుపెట్టాడు. "ముద్ర లేనివి, ఏమీ లేవు. ఇద్దరికీ గుర్తు పెట్టినవి, రెండు. ఓటరెవరో తెలిసేలా రాత ఉన్నది..."

అతని వేలు ఆ వరుస మీదే ఆగింది.

"ఎన్ని?"

"ఒకటి."

"ఎవరా తెలివైనవాడు?"

ఫింటన్ ఆ వరుసనే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు గోడ మీద నోటీసు, తను తల తిప్పకుండా దాటిపోయిన ఆ తెల్ల కాగితం, కళ్ల ముందుకొచ్చింది. చెప్పకుండా ఉండవచ్చు. కాని అదీ అబద్ధం లాగే అనిపించింది.

"అది నాది," అన్నాడు. "డెవేన్‌కు గుర్తు పెట్టి కింద పేరు రాశాను."

టైగ్ మెల్లగా అన్నాడు. "బాగుంది. గెలిచాక అందరివీ డెవేన్ ఓట్లేలే."

"నిజంగా రాశానయ్యా."

"కొలిమి దగ్గర లోకంలోని చట్టాలన్నీ మాకు చదివి చెప్పేవాడివి, పేరు రాయకూడదని నీకు తెలియదా? మా చెవిలో పువ్వులు కనబడుతున్నాయా?"

గుంపులో మలాకీ కూడా ఉన్నాడు. ఫింటన్ అతని కోసం చూశాడు. మలాకీ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అటు తిరిగి వెళ్లిపోయాడు.

అంతటితో ఆగినా కొన్నాళ్లకు సర్దుకునేది. ఆదివారం పూజ అయి జనం బయటికి వస్తుండగా ప్రింగిల్ గుర్రం మీద గుడి ముందునుంచి వెళ్లాడు. ఎప్పుడూ ఆగనివాడు ఆగాడు. ఫింటన్‌ను చూసి టోపీ పూర్తిగా తీశాడు.

"డార్గన్, ఎస్టేటు గుర్రాలన్నిటికీ కొత్త జీనులు నీ దగ్గరే కుట్టించమన్నారు ప్రభువుగారు. నీ మేలు మేము మరిచిపోం."

ప్రింగిల్ లెక్కింపు గదిలో కూర్చున్నవాడే. ఆ కాగితం మీద ఎవరి పేరుందో, గుర్తు ఎవరి పక్కనుందో కళ్లారా చూసినవాడే. చూసింది బయట చెప్పనని అందరితో పాటు ప్రమాణం చేశాడు, దాన్ని తప్పలేదు కూడా. టోపీ తీశాడు, జీనుల మాట చెప్పాడు, అంతే. ఆ టోపీతో ఊరు ఊరంతా ఫింటన్ గుమ్మం వైపు రావడం మానేసింది.

"మీ జీనులు నేను కుట్టను," అని ఫింటన్ గుడి ముందే చెప్పాడు. "నాటకం," అన్నారు జనం. కొలిమి దగ్గర పేపరు కోర్టు గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. అతనికి మళ్లీ చదువు వచ్చేసింది. ఫింటన్ కొట్టు కిటికీకి బురద కొట్టారు. హోనోరా కడిగింది. మర్నాడు మళ్లీ కొట్టారు. ఈసారి కడగలేదు.

"మలాకీ చూశాడు," అంది ఆవిడ. "వాడి మొహంలోనే ఉంది. వెళ్లి అడగండి. సంతలో నిలబడి ఒక్క మాట చెప్పమనండి. లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

ఫింటన్ వెళ్లాడు. మలాకీ దుకాణంలో ఒక ముసలమ్మకు తేయాకు పొట్లం కడుతున్నాడు. ఆవిడ ఫింటన్‌ను చూసి, పొట్లం తీసుకుని, దారి ఇవ్వకుండా పక్కనుంచి రాసుకుంటూ వెళ్లిపోయింది.

"మలాకీ, నువ్వు చూశావు."

మలాకీ తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. "ఏం చూశానో, ఏం చూడలేదో చెప్పనని మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేశాను బావా."

"ప్రింగిల్ టోపీ తీసి మరీ అబద్ధం చెప్పాడు."

"ఆ కాగితం గురించి ఆయన నోరు విప్పలేదు."

"నువ్వు విప్పు. నిజమే కదా చెప్పమంటున్నది. నీ అక్క ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది."

"నాకు తెలుసు."

"కొట్టు మూసుకోవాల్సి వస్తుంది."

"తెలుసు బావా." మలాకీ గుడ్డ పక్కన పడేశాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఆ రోజు నీ కొట్లో కూర్చుని నిన్ను అడిగాను. ఒక్క చిన్న మాట, ఊరంతా చెబుతున్న మాట, చెప్పమన్నాను. ప్రమాణం చేసి అబద్ధం చెప్పనన్నావు. ఇంటికి వెళ్లి ఆ రాత్రంతా నీ మీద మండిపడ్డాను. మర్నాడు లెక్కింపు ప్రమాణం నా చేత చేయిస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. ఇదివరకటిలా అయితే బైబిలు మీద చెయ్యి ఊరికే పెట్టేసేవాణ్ణి. ఈసారి నిజంగా పెట్టాను. ఇప్పుడు దాన్ని తియ్యమని నువ్వే వచ్చి అడుగుతున్నావు."

ఫింటన్ ఆ గుడ్డ తీసి మడత పెట్టాడు. ఫాదర్ టర్లీ దగ్గరికి వెళ్లి, ఈ ప్రమాణం తప్పితే పాపమా అని అడగవచ్చు. ఇది నీ కుటుంబం కోసం అంటాడు. పాపం అవునా కాదా మాత్రం చెప్పడు.

"నోటితో వద్దు," అన్నాడు చివరికి. "ఊరికి వద్దు. హోనోరాకు కూడా వద్దు. నాకొక్కడికే. తల ఊపు చాలు. ఈ ఊళ్లో ఒక్కడికి తెలుసునని నేను కళ్లతో చూసుకోవాలి."

మలాకీ అతని కళ్లలోకి సూటిగా చూశాడు. తల నిలువుగా కదల్లేదు, అడ్డంగా కదల్లేదు. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. ఊపితే బాగుండునని ఫింటన్ ప్రాణం కొట్టుకుంది. నిజంగా ఊపేస్తే మాత్రం రేపట్నుంచి ఈ మనిషిని ఎలా చూస్తాననీ అనిపించింది. ఆ రెండు కోరికల్లో దేన్ని పట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు, ఇంకెవరో గుమ్మంలోకి వచ్చి, అతన్ని చూసి వెనక్కి తిరిగిందాకా.

"నా వల్ల నీ బేరం కూడా పోతోంది," అన్నాడు.

"పోనీలే."

ఇంటికి వచ్చేసరికి హోనోరా గుమ్మంలోనే ఉంది.

"చెబుతాడా?"

"చెప్పడు."

"మీరేమన్నారు?"

"ఏమనను?"

"ఏమనను ఏంటండీ? వాడు నా తోడబుట్టినవాడు. మీరు గట్టిగా అడిగుంటే..."

"గట్టిగానే అడిగాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "అడిగి, వాడు కాదంటే సంతోషించి వచ్చారు. మొహం చూస్తేనే తెలుస్తోంది. మీ ఇద్దరు పుణ్యాత్ములూ కలిసి ఒక సంచీడు పిండి తేగలరేమో చూడండి." విసురుగా లోపలికి వెళ్లింది. పొయ్యి దగ్గర గిన్నెలు ఒకటికి రెండుసార్లు చప్పుడయ్యాయి.

సంతోషించాడా? లేదు. కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియని కోపం. అతను లోపలికి వెళ్లి, ఎవరూ అడగని జీను ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఆరె తీసి కుట్టడం మొదలుపెట్టాడు. కుట్టు వంకరగా పడింది. ఊడదీసి మళ్లీ కుట్టాడు. మళ్లీ వంకరగానే పడింది.